ఏనుగును మోసిన ఛాతీకీ నెలల విశ్రాంతి

దేవనహళ్ళి: తెల్లవారుజామున అయిదింటికి కోట వైపు వచ్చి చూడండి, ఈ ఊరు ఎంత మారిందో తెలుస్తుంది. టిప్పు సుల్తాన్ పుట్టిన ఊరిది. కోటగోడ పక్కన పెద్దవాళ్ళు మఫ్లర్లు చుట్టుకుని నడుస్తుంటారు. బళ్ళారి రోడ్డు మీద జిమ్ముల షట్టర్లు అప్పుడే పైకి లేస్తుంటాయి. ఆదివారమైతే బెంగళూరు నుంచి నంది కొండకు పోయే సైకిళ్ళు బారులు తీరతాయి. 2008లో విమానాశ్రయం వచ్చాక ఇక్కడికి చేరిన కుర్రాళ్ళలో మనవాళ్ళు తక్కువేం కాదు. హిందూపురం, పెనుకొండ, కదిరి, మదనపల్లె, ఇటు బాగేపల్లి, గౌరిబిదనూరు... ఏ జిమ్ములోకి వెళ్ళినా తెలుగు వినబడుతుంది. రాత్రి షిఫ్టు దిగి, కంటి మీద కునుకు లేకుండా నేరుగా బరువులెత్తడానికి వచ్చేవాళ్ళూ ఉన్నారు. వారానికి ఏడు రోజులూ వస్తామని గొప్పగా చెప్పుకుంటారు. ఒక్కరోజు మానితే కండ కరిగిపోతుందని వాళ్ళ భయం.

ఆ జిమ్ముల గోడల మీద ఆంజనేయస్వామి ఉంటాడు, విదేశీ కండలవీరులు ఉంటారు. మన కోడి రామ్మూర్తి నాయుడు బొమ్మ మాత్రం ఎక్కడో గానీ కనబడదు. కలియుగ భీముడు అంటే పెద్దవాళ్ళకు గుర్తుకొస్తుంది. ఏనుగును ఛాతీ మీద ఎక్కించుకున్న మనిషి అంటే పిల్లలకూ తెలుస్తుంది. ఆ ఏనుగు కథ అందరూ చెబుతారు. ఆ తర్వాత ఆయన మంచం మీద గడిపిన నెలల గురించి ఎవరూ చెప్పరు. ఇక్కడ చెప్పుకోవాల్సింది అదే.

వీరఘట్టం నుంచి విజయనగరానికి

రామ్మూర్తి 1882లో శ్రీకాకుళం ప్రాంతంలోని వీరఘట్టంలో పుట్టారు. తండ్రి వెంకన్న నాయుడు. తల్లి చిన్నతనంలోనే పోయింది. తల్లి లేని పిల్లాడు చదువు మీద కన్నా తిరుగుళ్ళ మీద ధ్యాస పెట్టాడు. విజయనగరంలో ఉండే బాబాయి నారాయణస్వామి దగ్గరికి పంపారు. ఆ ఊరే ఆయన్ని మార్చింది. సంగీతానికి ఎంత పేరో, సాము గరిడీలకూ కుస్తీలకూ విజయనగరానికి ఆ రోజుల్లో అంత పేరు. కుర్రాడు వ్యాయామశాలలో అడుగుపెట్టాడు. ఇంక వెనక్కి చూడలేదు. ఇరవై ఒకటో ఏటికే టన్నున్నర బరువు రొమ్ము మీద ఆపేవాడనీ, కొంత కాలానికి అది మూడు టన్నులకు పెరిగిందనీ ఆయన కథ చెప్పేవాళ్ళు చెబుతారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. ఆ మూడు టన్నులు ఒక్క వారంలో రాలేదు. మోయగలిగిన దాని మీద కొంచెం, దాని మీద ఇంకొంచెం. ఇప్పటి కోచ్‌లు కాగితం మీద రాసి ఇచ్చేదీ ఇదే. బరువు పెంచు, ఒంటికి అలవాటుపడే వ్యవధి ఇవ్వు, మళ్ళీ పెంచు. మధ్యలో ఉన్న ఆ మాటే మనవాళ్ళు మింగేస్తున్నారు.

తర్వాత మద్రాసు వెళ్ళి సైదాపేట కళాశాలలో వ్యాయామ ఉపాధ్యాయ శిక్షణ పొందారు. ఇది చాలామందికి తెలియని సంగతి. కలియుగ భీముడు ముందు డ్రిల్లు మాస్టారు. విజయనగరం తిరిగొచ్చి, చదువుకున్న బళ్ళోనే పిల్లలకు వ్యాయామం నేర్పారు. ఎవరి చేత ఎంత చేయించాలో, ఎప్పుడు ఆపించాలో తెలియకపోతే ఆ ఉద్యోగం చెయ్యలేరు. పొట్టి పంతులు అనే స్నేహితుడి తోడుతో సర్కస్ పెట్టాక ఆ మాస్టారు వెనక్కి పోయారు, భీముడు ముందుకొచ్చాడు.

ఊపిరే పెట్టుబడి

సర్కస్ ఊరూరా తిరిగింది. ఒంటికి చుట్టిన ఉక్కు సంకెళ్ళను ఊపిరి బిగించి తెంచేవారు. రెండు భుజాలకూ రెండు కార్లు కట్టి తోలమంటే అవి కదిలేవి కావు. వైస్రాయి మింటో దంపతులు ఆయన ప్రదర్శన చూశారు. మింటో తన కారునే ఆపి చూపించమన్నారనీ, రామ్మూర్తి ఆపేశారనీ ఇప్పటికీ చెప్పుకుంటారు. పుణేలో లోకమాన్య తిలక్ మెచ్చుకుని మల్లమార్తాండ బిరుదు ఇచ్చారు. మదనమోహన మాలవ్యా ప్రోత్సాహంతో జట్టును వెంటబెట్టుకుని లండన్ వెళ్ళారు. బకింగ్‌హాం భవనంలో అయిదో జార్జి, మేరీ రాణి ఎదుట ప్రదర్శన ఇచ్చారు. ఇండియన్ హెర్క్యులస్, ఇండియన్ శాండో అన్న పేర్లు అలా వచ్చినవే. ఇంత చేసిన మనిషి శాకాహారి. తన బలమంతా ప్రాణాయామంలోనే ఉందని నమ్మేవారు.

ఊపిరి సంగతి ఉత్త మాట కాదు. నిండుగా గాలి పీల్చి గొంతు మూస్తే ఛాతీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. గాలి నింపిన టైరులాగా పక్కటెముకలకు లోపల్నుంచి దన్ను దొరుకుతుంది. పైన పరిచిన చెక్క బరువును ఒకచోట పడనివ్వకుండా సర్దుతుంది. ఇంత చేసినా అది ప్రాణంతో చెలగాటమే. ఊపిరి బిగబట్టి బరువెత్తితే ఆ కొన్ని క్షణాలూ రక్తపోటు ఒక్కసారిగా ఎగబాకుతుంది. బీపీ ఉన్నవాళ్ళు ఈ పని అస్సలు చెయ్యకూడదు. నలభై దాటాక జిమ్ము మొదలుపెట్టిన అన్నలు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది.

ఆయన్ని పోల్చిన శాండో గురించీ రెండు ముక్కలు. యూజిన్ శాండో జర్మనీవాడు. 1867లో కోనిగ్స్‌బర్గ్‌లో పుట్టాడు, లండన్‌లో పేరు తెచ్చుకున్నాడు. 1904-05లో మన దేశమంతా తిరిగి ప్రదర్శనలిచ్చాడు. వేదిక మీద గుర్రాల్నీ మనుషుల్నీ ఎత్తినవాడు, పుస్తకాల్లోనూ తపాలా పాఠాల్లోనూ మామూలు జనానికి నేర్పింది మాత్రం తేలిక డంబెల్స్, ధ్యాస పెట్టి చేసే కసరత్తు. ప్రదర్శనకు చేసేది వేరు, ఒంటికి చేసేది వేరు అని అతనికి బాగా తెలుసు. 1925లో 58 ఏళ్ళకే పోయాడు.

ఈ తేడా మన సరిహద్దు పల్లెల్లో ఒకప్పుడు గరడి మనె నడిపిన ఉస్తాదులకూ తెలుసు. కొత్తగా వచ్చిన పిల్లాడికి మొదటిరోజే వంద బస్కీలు చెప్పే ఉస్తాదు ఉస్తాదే కాదు. ముందు మట్టి తవ్వించేవాళ్ళు, ఆ తర్వాత దండీలు, ఆ తర్వాతే పట్లు. ఇప్పుడు ఫోనులో వీడియో చూసి మొదలుపెట్టే పిల్లాడికి ఆపు అని చెప్పేవాళ్ళు లేరు.

చెక్క విరిగిన రోజు

ఏనుగు ప్రదర్శన ఎలా ఉండేదో తెలుగువాళ్ళకు చెప్పక్కర్లేదు. నేల మీద వెల్లకిలా పడుకునేవారు. ఛాతీ మీద చెక్క పరిచేవారు. ఏనుగు దాని మీదికి వచ్చి నిలబడేది. అయిదు నిమిషాలపాటు అలాగే ఉండేదని చెబుతారు. కింద మనిషి ఊపిరి బిగబట్టి ఉంటే, చుట్టూ ఉన్న వేలమందీ ఊపిరి బిగబట్టేవారు.

విదేశీ పర్యటనలో ఒకసారి అది తప్పింది. ఏనుగు పైన ఉండగానే పక్కటెముకలు విరిగాయి. పారిస్‌లో శస్త్రచికిత్స చేశారు. మహాబలుడు, రాజుల ఎదుట మెప్పు పొందిన మనిషి, నెలల తరబడి మంచానికే పరిమితమయ్యారు. డాక్టర్లు చెప్పింది విశ్రాంతి. వినక తప్పలేదు.

దీన్ని వ్యాయామం ఎక్కువై వచ్చిన జబ్బు అనలేం. అది ప్రమాదం. కానీ ఆ ప్రమాదం వెనకున్న జీవితాన్ని చూడండి. సర్కస్ యజమానీ ఆయనే, సర్కస్‌లో ముఖ్యమైన ఆటగాడూ ఆయనే. టిక్కెట్లు అమ్ముడైపోయాక ఒళ్ళు బాగాలేదని చెప్పడానికి వీల్లేదు. ఈ ఊళ్ళో అయ్యాక ఆ ఊరు, ఈ దేశం అయ్యాక ఆ దేశం. జనం అడిగింది నిన్నటి బరువు కాదు, దానికంటే పెద్దది. ఒంటిని అడిగి ఆట పెట్టే రోజులు కావవి. ఈ రాత రాసేవాడికి అనిపించేదేమంటే, రామ్మూర్తి నాయుడికి జీవితం మొత్తంలో దొరికిన పెద్ద విశ్రాంతి ఆ పారిస్ మంచమే. అదీ ఎముకలు విరిగితే గానీ దొరకలేదు.

ఇప్పుడు మన జిమ్ములకు వద్దాం. ఎముక విరిగితే కుర్రాడు మానేస్తాడు, దాన్ని ఎవరైనా ఒప్పుకుంటారు. విరగకముందు ఒళ్ళు చిన్న చిన్నగా చెప్పే మాటలే ఎవరికీ వినబడటం లేదు. పోయిన వారం సులువుగా లేచిన బరువు ఈ వారం లేవదు. ఇంకా గట్టిగా చేయాలని ఇంకో గంట కలుపుతారు. రాత్రి పడుకుంటే ఒళ్ళంతా అలిసి ఉంటుంది, నిద్ర మాత్రం రాదు. అన్నం సయించదు. ఇంట్లోవాళ్ళ మీద ఊరికే విసుగు. జలుబు చేస్తే తగ్గదు, తగ్గి మళ్ళీ వస్తుంది. మోకాలు, భుజం, నడుము, ఏదో ఒకటి సలుపుతూనే ఉంటుంది. పొద్దున లేవగానే, మంచం మీదుండగానే నాడి పట్టి లెక్కపెట్టే అలవాటున్నవాళ్ళకు ఇంకో గుర్తు దొరుకుతుంది. తమ మామూలు లెక్క కంటే అయిదు, పది ఎక్కువగా కొన్నాళ్ళు వరసగా వస్తుంటే ఒళ్ళు ఇంకా కోలుకోలేదన్నమాట. జ్వరం వచ్చేముందూ, నిద్ర చాలకపోయినా అలా పెరగొచ్చు. అందుకే అదొక్కటే చూసి తీర్పు చెప్పకూడదు, మిగతావాటితో కలిపి చూడాలి. ఆడవాళ్ళు తిండి తగ్గించి కసరత్తు పెంచితే నెలసరి తప్పుతుంది. అది చాలా గట్టి హెచ్చరిక, డాక్టరుకు చూపించుకోవాల్సిన విషయం.

కండ బరువెత్తేటప్పుడు పెరగదు. అప్పుడు దానికి సన్నని దెబ్బలు తగులుతాయి, లోపల దాచుకున్న ఇంధనం ఖర్చవుతుంది. తిండీ నిద్రా అందాక ఒకటి రెండు రోజుల్లో ఒళ్ళు ఆ దెబ్బల్ని బాగుచేసుకుంటూ ముందుకంటే కొంచెం గట్టిగా కడుతుంది. సిమెంటు పోసి నీళ్ళు పట్టకుండా మర్నాడే పై అంతస్తు లేపే మేస్త్రీని ఎవరైనా తిడతారు. మన ఒంటి విషయంలో ఆ మేస్త్రీ పని మనమే చేస్తున్నాం. 2013లో యూరప్ క్రీడాశాస్త్ర సంఘం, అమెరికా క్రీడావైద్య సంఘం కలిసి ఒక ప్రకటన చేశాయి. ఒళ్ళు అలిసి కొన్ని రోజుల విశ్రాంతితో తేరుకునే దశ వేరు, వారాలు పట్టే దశ వేరు, నెలలు గడిచినా ఆట పూర్వస్థితికి రాని దశ వేరు అని తేల్చాయి. మొదటి దశలో నాలుగు రోజులు ఆగనివాడు మూడో దశలో ఏడాది ఆగాల్సొస్తుంది.

నడిరోజుల్లో ఆగి గెలిచినవాడి కథ ఒకటుంది. ఇంగ్లండులో రోజర్ బానిస్టర్ మైలు దూరాన్ని నాలుగు నిమిషాల్లోపు పరుగెత్తాలని 1954లో కష్టపడుతున్నాడు. పావు మైలు పరుగులు పదేసి చేస్తుంటే వేగం 61 సెకన్ల దగ్గరే నిలిచిపోయింది. ఎంత చేసినా దిగదు. విసుగుపుట్టి పరుగు మానేసి, స్నేహితుడితో స్కాట్లండ్ కొండలెక్కడానికి కొన్ని రోజులు వెళ్ళిపోయాడు. తిరిగొచ్చి పరుగెత్తితే 59కి దిగింది. మే 6న ఆక్స్‌ఫర్డ్‌లో 3 నిమిషాల 59.4 సెకన్లలో మైలు పూర్తిచేశాడు.

గుంజీలు వేలల్లో

రామ్మూర్తి కాలంవాడే గామా పహిల్వాన్. 1910లో లండన్ వెళ్ళి జబిస్కోను ఎదుర్కొన్న ఆ గామా రోజుకు అయిదువేల బస్కీలు, మూడువేల దండీలు తీసేవాడని చెబుతారు. ఈ లెక్క ఫోన్లలో తిరుగుతోంది. చూసిన కుర్రాడు పందెం కట్టి మొదటిరోజే అయిదువందల గుంజీలు తీస్తాడు. గామా చిన్నప్పట్నుంచి కుస్తీ ఇంట్లో పుట్టి పెరిగినవాడనీ, పాలూ బాదమూ మర్దనా అన్నీ సంస్థానం ఖర్చుతో జరిగాయనీ, మధ్యాహ్నం నిద్ర కూడా ఆ సాధనలో భాగమేననీ ఆ వీడియోలో ఉండదు.

అలవాటు లేని ఒంటితో ఒక్కసారిగా అన్ని గుంజీలు తీస్తే కండ కణాలు పగిలి, అందులోని పదార్థాలు రక్తంలోకి వస్తాయి. రాబ్డోమయోలిసిస్ అంటారు డాక్టర్లు. తొడలు వాచిపోతాయి, ముట్టుకోనివ్వని నొప్పి, కాళ్ళలో బలం ఉండదు. మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. అలా కనబడితే రేపు చూద్దాం అనుకోకూడదు. నొప్పి మాత్ర మింగి పడుకోనూ కూడదు, కొన్ని మాత్రలు మూత్రపిండాలకు ఇంకా చేటు. ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆలస్యమైతే మూత్రపిండాలు దెబ్బతిని డయాలిసిస్ దాకా పోవచ్చు. ఎండాకాలం, నీళ్ళు తాగకుండా, రాత్రి నిద్ర లేకుండా చేస్తే ఈ ముప్పు ఇంకా ఎక్కువ. రాత్రి షిఫ్టు తమ్ముళ్ళకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి. షిఫ్టు దిగాక ముందు నిద్ర, సాయంత్రం జిమ్ము. ఆ రోజు నిద్ర కుదరకపోతే జిమ్మే మానాలి.

నా సంగతీ చెప్పేస్తాను. రథసప్తమికి నూటెనిమిది సూర్య నమస్కారాలు చెయ్యడం మన వైపు ఆనవాయితీ. ఏడాదంతా చాప పరవని నేను ఒక రథసప్తమికి పట్టుబట్టి లెక్క పూర్తిచేశాను. నాలుగు రోజులు మెట్లు దిగలేక పిరుదుల మీద జరుగుతూ దిగాను. ఇంట్లో నవ్వని మనిషి లేరు. ఆ సూర్య నమస్కారాల మీద పుస్తకం రాసిన మనిషి మన పక్కవాడే, కోలారు వెంకటేశ అయ్యర్. బెంగళూరులో వ్యాయామశాల నడిపి ఎంతోమందిని తయారుచేశారు. కన్నడంలో శాంతల, రూపదర్శి నవలలు రాసిందీ ఆయనే. 1980లో పోయేనాటికి ఎనభై ఏళ్ళు దాటాయి. కండలు పెంచినవాడు కలం పట్టడానికి కూడా రోజులో తీరిక మిగుల్చుకున్నాడు చూడండి.

మరి ఎంత చేస్తే చాలు? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది పెద్దవాళ్ళకు వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, రెండు రోజులో అంతకుమించో కండలకు పని. కోటచుట్టూ రోజూ అరగంట చురుగ్గా నడిచే పెద్దాయన వారానికి అయిదు రోజుల్లోనే ఆ లెక్క అందుకుంటాడు. బరువులెత్తేవాళ్ళు ఈ రోజు కాళ్ళు చేస్తే రెండు రోజులు కాళ్ళ జోలికి పోకుండా, వారంలో ఒకటి రెండు రోజులు పూర్తిగా వదిలేసి, నెలకో రెండు నెలలకో ఒక వారం బరువూ సెట్లూ సగానికి తగ్గిస్తే కండ ఎక్కడికీ పోదు. వదిలేసిన రోజు పడుకునే ఉండక్కర్లేదు. నడవచ్చు, చక్కోత తోటల వైపు తిరిగి రావచ్చు.

కాలు తీసేశారు

పారిస్ నుంచి కోలుకుని వచ్చాక రామ్మూర్తి నాయుడు ముందులా ఏనుగుల్ని మొయ్యలేదు. ఊరూరా తిరిగి తన జీవిత విశేషాలు చెబుతూ, కుర్రాళ్ళను వ్యాయామం వైపు తిప్పే పని పెట్టుకున్నారు. భీముడు మళ్ళీ మాస్టారయ్యారు. నా వరకు ఆయన జీవితంలో బాగా నచ్చే భాగం ఇదే, జనం మాత్రం దీన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు.

తర్వాత కాలి మీద పుండు లేచింది. రాచపుండు అన్నారు. కాలు తీసెయ్యక తప్పలేదు. క్లోరోఫారం వద్దని, ప్రాణాయామంలో ఊపిరి నిలిపి ఆ కోత భరించారని చెప్పుకుంటారు. ఆ పుండుకూ ఆయన చేసిన వ్యాయామానికీ ముడిపెట్టడం సరికాదు. అయితే ఈ కథను కొందరు జిమ్ముల్లో చెప్పే పద్ధతి ఇబ్బంది పెడుతుంది. నాయుడుగారు కాలు కోస్తుంటే కిక్కురుమనలేదు, నువ్వు మోకాలు నొప్పి అంటావేంట్రా అని కుర్రాణ్ణి ఎగదోస్తారు. ఆయన భరించింది వైద్యుడి చేతిలో, నయం కావడానికి తప్పని నొప్పి. మోకాలు చెప్పే నొప్పి ఆపమని చెప్పే నొప్పి. ఈ రెండూ ఒకటి కావు. ఆ మోకాలు అరిగాక మార్చడానికి అయ్యే ఖర్చు ఎగదోసినవాడు ఇవ్వడు.

చివరి రోజులు ఒరిస్సాలో, పట్నా సంస్థానానికి రాజధాని అయిన బలాంగిర్‌లో గడిపారు. 1942 జనవరి 16న, సంక్రాంతి రోజుల్లో, రాత్రి నిద్రపోయిన మనిషి తెల్లవారి లేవలేదు. శ్రీకాకుళంలో స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. విశాఖ సముద్రపు ఒడ్డున ఆయన విగ్రహం ఉంది. పొద్దున్నే పరుగెత్తేవాళ్ళు దాని ముందు నుంచే పోతుంటారు, అలిసినవాళ్ళు ఆ నీడన కాసేపు కూర్చుంటారు.